మీకు తెలుసా? బొంగరం, ఎద్దులబండి, ఆకాశం

పోయిన ఆదివారం మన హాస్టల్ వరండాలో బొంగరం తగిలి తాగునీళ్ల కుండ పగిలిన సంగతి అందరికీ తెలిసిందే. కుండ పగలడం మా తప్పే, ఒప్పుకుంటాము. వార్డెన్ సారు పదకొండు బొంగరాలు తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేసినారు. "పనికిమాలిన ఆట, దీంతో ఏమొస్తుంది?" అని అడిగినారు. నాకు అప్పుడు జవాబు తోచలేదు. తరువాత పుస్తకాలు తిరగేసి, సైన్సు సారును అడిగి ఇది రాస్తున్నాను.

ముందు బొంగరం ఎట్ల నిలబడుతుందో చూద్దాం. ఊరికే మేకు మీద నిలబెడితే ఒక్క క్షణం కూడా నిలవదు. తాడు చుట్టి విసిరితే గుమ్మని తిరుగుతూ నిలుస్తుంది. ఎందుకంటే, వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు ఏ దిక్కుకు ఉందో ఆ దిక్కును సులభంగా వదిలిపెట్టదు. భూమి కిందికి లాగినా దబ్బున పడిపోదు, తల మాత్రం మెల్లగా గుండ్రంగా ఊగుతుంది. మేకు నేలకు రాసుకొని, గాలి అడ్డమొచ్చి వేగం తగ్గుతుంది. అప్పుడు ఊపు ఎక్కువై పక్కకు ఒరుగుతుంది. మరి నేల లేని చోట, గాలి లేని చోట తిప్పితే? చాలా కాలం తిరుగుతూనే ఉంటుంది కదా!

అదే ఆర్యభట్ట. మన దేశం చేసిన మొదటి ఉపగ్రహం. 1975 ఏప్రిల్ 19న రష్యావాళ్ల రాకెట్ మీద పైకి పోయింది. బరువు 360 కిలోలు, 26 ముఖాలు. పాత రెండు రూపాయల నోటు వెనుక దాని బొమ్మ ఉంటుంది, మీ అవ్వ డబ్బాలో ఉంటే చూడండి. దాన్ని గ్యాసు చిమ్మి బొంగరం తిప్పినట్టు తిప్పినారు. తిప్పకపోతే ఎటుపడితే అటు పల్టీలు కొడుతుంది. ఒక పక్కే ఎండకు కాగిపోతుంది, రెండో పక్క చల్లబడుతుంది. జొన్నరొట్టెను తిప్పి తిప్పి కాల్చినట్టే అనుకోండి. పాపం, నాలుగైదు దినాలకే లోపల కరెంటు సరఫరా చెడిపోయి ప్రయోగాలు ఆగిపోయినాయి. అయినా అది భూమి చుట్టూ తిరుగుతూనే ఉండి 1992లో కిందికి వచ్చి కాలిపోయింది.

దాన్ని తయారుచేసింది యాడనో తెలుసా? బెంగుళూరు పీణ్యాలో, ఫ్యాక్టరీ షెడ్లలో. ఇది చదివి నేను ఉలిక్కిపడినాను. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు మా నాయన, అమ్మ తాండా విడిచి కూలికి పోయింది ఆ పీణ్యాకే. అక్కడ ఇటుకలు మోయడం తప్ప ఇంకేమీ లేదనుకున్నాను ఇన్నాళ్లు. ఇంకో వింత. ఉపగ్రహం పంపే సమాచారం అందుకోవడానికి బెంగుళూరులో గది చాలక ఒక మరుగుదొడ్డిని బాగుచేసి వాడుకున్నారంట. నవ్వకండి, నిజమే!

ఎద్దులబండి సంగతి కూడా చెప్తాను. 1981లో ఆపిల్ అనే ఉపగ్రహం చేసినారు. దాని ఏరియల్ పరీక్ష చేయాలంటే చుట్టూ ఇనుము ఉండకూడదు. లారీ మీద పెడితే లారీ ఇనుమే అడ్డం. అందుకని కొయ్యతో చేసిన ఎద్దులబండి తెప్పించి, దాని మీద ఎక్కించి ఆరుబయట పరీక్ష చేసినారు. ఆ ఫొటో చాలా ప్రసిద్ధి.

ఇప్పుడు పదకొండు లెక్క. 1985 ఏప్రిల్‌లో అమెరికావాళ్ల డిస్కవరీ వాహనంలో సరిగ్గా పదకొండు ఆటబొమ్మలు అంతరిక్షానికి పోయినాయి. అందులో బొంగరం ఉంది! పిల్లలకు సైన్సు చెప్పడానికే తీసుకుపోయినారు. బావిలో బొక్కెన తాడు తెగితే బొక్కెన, అందులోని చెంబు రెండూ ఒకే వేగంతో పడతాయి. ఆ వాహనం, మనుషులు, బొమ్మలు అన్నీ అట్లే కలిసి భూమి చుట్టూ పడుతూ ఉంటాయి. కాబట్టి లోపల దేనికీ బరువు తెలియదు. మెట్లు దిగే స్ప్రింగు బొమ్మ అక్కడ నడవనే లేదు. మన గచ్చకాయల వంటి ఆట ఒకటి ఆడబోతే కాయలన్నీ చెదిరి తేలిపోయినాయి, ఎగరేసిన బంతి కిందికి రాలేదు. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా పోయినప్పుడు కూడా జాయ్ అనే హంస బొమ్మ వెంట పోయింది. అది తేలడం మొదలైతే బరువు పోయిందని గుర్తు.

రాకెట్ల చరిత్ర మనకు దూరం కాదు. గుత్తి కోటను 1770ల్లో మురారి రావు నుండి గెలిచిన హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు, ఇనుప గొట్టాల్లో మందు కూరిన రాకెట్లు వాడినారు. వాటిని చూసే ఇంగ్లాండులో కాంగ్రీవ్ అనే ఆయన తమ రాకెట్లు చేసినాడు. 2018లో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాడుబావిలో అటువంటివి వెయ్యికి పైగా దొరికినాయి. మన జిల్లాలో ఎండిన బావులకు కొదవ లేదు గానీ, వెతుకుతామని ఎవరూ దిగకండి.

చివరగా శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1979లో పెద్దది సముద్రంలో పడింది, 1980 జూలై 18న గెలిచింది. ఇవన్నీ పరీక్షలకు చదువుతాము. కానీ ఆ దీవిలో అంతకుముందు నుండి యానాదులు ఉండేవారు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకొని, చేపలు పట్టుకొని బతికేవారు. కేంద్రం పెట్టేటప్పుడు అక్కడి పల్లెలు ఖాళీ చేయించినారు. మన హాస్టల్లో యానాది స్నేహితులు ఉన్నారు. రాకెట్ టీవీలో వచ్చినప్పుడు మనం చప్పట్లు కొడతాము, వాళ్లూ కొడతారు. ఆ నేల ఎవరిదో కూడా ఒక మాట చెప్పుకోవాలని ఇక్కడ రాసినాను.

సారూ, కొత్త కుండకు పదకొండు మందిమి డబ్బులు పోగుచేస్తున్నాము, సంత నాటికి సరిపోతాయి. బొంగరాలు ఇస్తే వరండాలో తిప్పము, వెనుక వేపచెట్టు కాడనే తిప్పుతాము. ఎర్రరంగుది నాది.