కణరహిత వ్యవస్థల్లో జన్యు వ్యక్తీకరణ: ఆర్.ఎన్.ఎ., ప్రోటీనులను కలిపి కొలవడం ఎందుకు?

జన్యువులోని సమాచారం మొదట వార్తాహర ఆర్.ఎన్.ఎ.గా, ఆపై ప్రోటీనుగా మారడమే జన్యు వ్యక్తీకరణ. ఇందుకు సజీవ కణం తప్పనిసరి కాదు. బాక్టీరియా కణాలను గాని, గోధుమ గింజలోని పిండాన్ని గాని చితక్కొట్టి, శిథిలాలను తొలగించగా మిగిలిన కణసారంలో రైబోసోములు, ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. దానికి అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు, శక్తినిచ్చే పదార్థాలు, తగిన డి.ఎన్.ఎ. చేర్చితే పరీక్షనాళికలోనే ప్రోటీను తయారవుతుంది. 1961లో నిరెన్‌బర్గ్, మాథయ్‌లు ఇ.కోలై కణసారంతోనే జన్యు సంకేతంలోని తొలి పదాన్ని ఛేదించారు. కృత్రిమ జన్యు వలయాలను కొన్ని గంటల్లో పరీక్షించే వీలున్నందున సంశ్లేషణ జీవశాస్త్రంలో ఈ వ్యవస్థలకు ప్రాధాన్యం పెరిగింది.

ఒకే కొలతతో వచ్చే చిక్కు

సాధారణంగా ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీను వెలుగును కొలిచి వ్యక్తీకరణను అంచనా వేస్తారు. అయితే ఈ ప్రోటీను తయారైన వెంటనే వెలగదు. అది సరిగా ముడుచుకొని, ఆక్సిజన్ సమక్షంలో పరిపక్వం చెందాలి. పైగా వెలుగు తక్కువగా ఉన్నప్పుడు లోపం ప్రమోటరుదా, ఆర్.ఎన్.ఎ. క్షీణించిందా, రైబోసోములు చాలలేదా అన్నది తేలదు.

రెండు రంగుల పద్ధతి

జన్యువు చివర, ప్రోటీనుగా అనువదింపబడని భాగంలో మాలకైట్ గ్రీన్ ఆప్టామర్ వరుసను చేర్చుతారు. ఈ రంజకం విడిగా దాదాపు వెలగదు. ఆప్టామర్‌కు అతుక్కున్నప్పుడు ఎర్రని వెలుగునిస్తుంది. అందువల్ల ఒకే నాళికలో ఎరుపు ఆర్.ఎన్.ఎ.ను, ఆకుపచ్చ ప్రోటీనును సూచిస్తాయి.

రెండూ తక్కువగా ఉంటే అనులేఖనాన్ని, ఆర్.ఎన్.ఎ. క్షీణతను పరిశీలించాలి. ఎరుపు ఎక్కువై ఆకుపచ్చ తగ్గితే లోపం అనువాద దశలో ఉండవచ్చు. డి.ఎన్.ఎ. మోతాదు పెంచినకొద్దీ ప్రోటీను పెరగదు. రైబోసోములన్నీ పనిలో నిమగ్నమైన తరువాత ఆర్.ఎన్.ఎ. మాత్రమే పెరుగుతుంది. పరిమాణం తెలిసిన శుద్ధ ఆర్.ఎన్.ఎ., ప్రోటీనులతో ప్రామాణిక రేఖలు గీయకుండా, డి.ఎన్.ఎ. లేని నియంత్రణ నాళిక ఉంచకుండా ఈ అంకెలను పోల్చరాదు.

పంట పొలానికి సంబంధం

ఈ జాగ్రత్త ప్రయోగశాలకే పరిమితం కాదు. 2019లో ప్రచురితమైన ప్లాంట్-డిఎక్స్ పద్ధతిలో దోస మొజాయిక్ వైరస్ సోకిన మొక్క రసం నుంచి వైరస్ జన్యు భాగాన్ని వృద్ధిచేసి, కణరహిత మిశ్రమంలో కంటికి కనిపించే పసుపు రంగుగా మార్చారు. ఇటువంటి పరీక్షలో రంగు రాకపోవడానికి వైరస్ లేకపోవడమే కారణం కానక్కరలేదు. మొక్క రసంలోని పదార్థాలు చర్యను అడ్డగించి ఉండవచ్చు, నిల్వలో మిశ్రమం శక్తి కోల్పోయి ఉండవచ్చు. ఆ నాళికను చూసి మొక్క ఆరోగ్యంగా ఉందని చెబితే, వ్యాధి సోకిన మొక్క పొలంలోనే మిగిలి, పేనుబంక ద్వారా ఇతర మొక్కలకు వైరస్ వ్యాపిస్తుంది. కనుక తప్పక రంగు రావలసిన ధన నియంత్రణను ఆరోగ్యవంతమైన మొక్క రసంతో కలిపి ప్రతి పరీక్ష పక్కన ఉంచాలి. అందులో రంగు వచ్చినప్పుడే రంగు రాని నమూనా ఫలితాన్ని రైతుకు తెలియజేయాలి.