రాకెట్టూ పుస్తకమూ

జూనియర్ పోటీల్లో రాణించిన టెన్నిస్ క్రీడాకారునికి పద్దెనిమిదేళ్ల ప్రాయంలో కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. వృత్తి క్రీడలో ప్రవేశిస్తే ప్రయాణం, వసతి, శిక్షణల వ్యయం చాలావరకు తానే భరించాలి. చిన్న టోర్నమెంట్లలో లభించే బహుమతి సొమ్ము అందుకు చాలదు. చదువు మానినవాడు ఆటలోనూ విఫలుడైతే ఉభయభ్రష్టుడవుతాడు. ఈ సంకటానికి అమెరికా విశ్వవిద్యాలయాలు ఒక మార్గం చూపుతున్నాయి.

అక్కడ ప్రతిభావంతులకు ఉపకార వేతనంతోపాటు నిపుణుల శిక్షణ కూడా లభిస్తుంది. పోటీలు జట్ల మధ్య జరుగుతాయి. ఒక్కొక్క పోటీలో మూడు డబుల్స్, ఆరు సింగిల్స్ ఉంటాయి. డబుల్స్‌లో రెండింటిని గెలిచిన జట్టుకు ఒక పాయింటు, ప్రతి సింగిల్స్ విజయానికి ఒక పాయింటు దక్కుతాయి. మొత్తం 7 పాయింట్లలో 4 సాధించిన జట్టుదే విజయం. చదువులో నిర్ణీత ప్రమాణాన్ని అందుకోలేనివారికి ఆడే అర్హత ఉండదు.

ఈ మార్గానికి చక్కని ఉదాహరణ సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. 1985లో గువాహటిలో జన్మించి చెన్నైలో పెరిగిన ఇతడు వర్జీనియా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం అభ్యసించాడు. 2006లో జాతీయ కళాశాలల సింగిల్స్ ఫైనల్లో ఓడినా నిరాశ చెందలేదు. 2007 ఫైనల్లో జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఇస్నర్‌ను మూడు సెట్లలో జయించాడు. 2008లో 44 విజయాలు, ఒకే ఒక్క పరాజయంతో ఆ టైటిల్‌ను నిలబెట్టుకున్నాడు.

తరువాతనే అతడు పూర్తిగా వృత్తి క్రీడలో అడుగుపెట్టాడు. 2009 జనవరిలో చెన్నై ఓపెన్ ఫైనల్ చేరాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల సింగిల్స్‌లోనూ, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల సింగిల్స్, డబుల్స్‌లలోనూ స్వర్ణాలు సాధించాడు. 2011లో ప్రపంచ ర్యాంకింగ్‌లో 62వ స్థానానికి ఎదిగాడు. తెలుగువాడైన సాకేత్ మైనేని కూడా అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణం గెలిచాడు.

అయితే ఈ మార్గం అందరికీ అనుకూలం కాదు. రఫెల్ నాదల్ 2005లో పందొమ్మిదేళ్లకే ఫ్రెంచ్ ఓపెన్ విజేత అయ్యాడు. అటువంటి అసాధారణ ప్రతిభకు నిరీక్షణ అనవసరం. కాని దేహబలం, మనోనిబ్బరం క్రమంగా పరిణతి చెందేవారికి ఆ నాలుగేళ్లు వృథా కావు. కళాశాల ఫైనల్లో ఓడిన ఇస్నర్ సైతం 2018లో ప్రపంచ 8వ ర్యాంకు అందుకున్నాడు. గాయమో, దురదృష్టమో ఆటను అర్ధాంతరంగా ఆపివేసినా, ఆర్జించిన విద్య వెంట నిలుస్తుంది. ఆలస్యంగా బయలుదేరినవాడు గమ్యం చేరలేడన్న నియమమేదీ లేదు. సన్నద్ధుడై బయలుదేరడమే ముఖ్యం.