తెర మీది రంగును ఎంతవరకు నమ్మవచ్చు? డిజైన్, ఫొటో పనికి మానిటర్ ఎంపిక ఎలా?

కొనుగోలుదారు ఫోన్‌లో చూసి మెచ్చినది నెమలికంఠం రంగు పట్టుచీర. పార్శిల్ విప్పితే చేతికి వచ్చినది ముదురు నీలం. నేతకారుడు రంగు మార్చలేదు, అమ్మకందారు మోసగించలేదు. ఫొటోను సరిదిద్దిన వ్యక్తి చీరను పక్కన పెట్టుకుని, తన తెర మీద కూడా అదే రంగు కనిపించేవరకు శ్రద్ధగానే పనిచేశాడు. అయితే ఆ తెర పచ్చదనాన్ని తక్కువ చేసి చూపుతోంది. ఆ లోటును పూడ్చే క్రమంలో ఫొటోలోకి లేని పచ్చదనం వచ్చి చేరింది. చివరకు చీర తిరుగు ప్రయాణం కట్టింది, రాకపోకల ఖర్చు అమ్మకందారు మీద పడింది.

పెళ్లి ఆల్బమ్‌లో ముఖాలు ఎర్రబారడం, శుభలేఖ మీద పసుపు రంగు ఆకుపచ్చ వైపు తిరగడం, తెర మీద కళకళలాడిన ఫొటో కాగితం మీద చీకటిగా రావడం వంటి ఫిర్యాదుల వెనుక కూడా తరచుగా ఇదే కారణం ఉంటుంది. ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు, ఆన్‌లైన్‌లో వస్త్రాలు అమ్మే చిన్న వ్యాపారులు మానిటర్ కొనేటప్పుడు ఏ అంకెలను చూడాలి, వేటిని పక్కన పెట్టవచ్చు, డబ్బును ఎక్కడ ఖర్చు చేయాలి అన్నది ఈ కథనంలో పరిశీలిద్దాం.

రంగుకు కొలత ఎలా వచ్చింది?

చిలకపచ్చ, వంగపండు, చింతపిక్క, రామా గ్రీన్ అంటూ బట్టల దుకాణాల్లో రంగులకు ఎన్నో పేర్లున్నాయి. అయితే ఒక దుకాణంలోని రామా గ్రీన్, పక్క దుకాణంలోని రామా గ్రీన్ ఒక్కటే కావాలని లేదు. మనుషుల మధ్య వ్యవహారానికి ఈ పేర్లు చాలు. యంత్రానికి మాత్రం అంకెలు కావాలి.

ఆ అంకెలకు పునాది 1931లో పడింది. ఇంగ్లండ్‌లో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లలో వేర్వేరుగా ప్రయోగాలు జరిపారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను ఏ పాళ్లలో కలిపితే ఒక నిర్దిష్టమైన రంగుతో సరిపోలుతుందో చూపరుల చేత పోల్చి చూపించారు. రైట్ ప్రయోగంలో పదిమంది, గిల్డ్ ప్రయోగంలో ఏడుగురు పాల్గొన్నారు. ఆ 17 మంది చూపు ఆధారంగా అంతర్జాతీయ కాంతి ప్రమాణాల సంస్థ సీఐఈ ఒక ప్రామాణిక పట్టికను ఆమోదించింది. నేటి మానిటర్ల రంగులను కొలిచే పద్ధతులకు మూలం అదే.

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలుంటాయి. సాధారణంగా అవి 0 నుంచి 255 వరకు ఉంటాయి. ఎరుపు 255 అని ఉంటే, ‘నీ దగ్గరున్న పూర్తి ఎరుపును వెలిగించు’ అని తెరకు ఇచ్చిన ఆదేశంగా దాన్ని అర్థం చేసుకోవాలి. ఏ తెర ఎరుపు ఆ తెరదే కనుక, ఒకే ఆదేశానికి పది తెరలు పది రకాల ఎరుపులు చూపగలవు. పూర్తి ఎరుపు అంటే కచ్చితంగా ఏది అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఇచ్చేవే రంగుల ప్రమాణాలు.

ఏ పనికి ఏ ప్రమాణం?

వీటిలో విస్తృతంగా వాడుకలో ఉన్నది ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో దీన్ని ప్రతిపాదించగా, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆనాటి గాజుగొట్టం మానిటర్లు చూపగలిగిన రంగులే దీని హద్దులు. వెబ్‌సైట్లు, సామాజిక మాధ్యమాలు, ఆన్‌లైన్ అంగళ్లు నేటికీ ప్రధానంగా దీని మీదే నడుస్తున్నాయి.

అడోబ్ సంస్థ 1998లో తెచ్చిన అడోబ్ ఆర్‌జీబీలో ఎరుపు, నీలం హద్దులు ఎస్‌ఆర్‌జీబీలో ఉన్నట్టే ఉంటాయి. ఆకుపచ్చ హద్దు మాత్రం బాగా ముందుకు జరిగింది. అందువల్ల ఆకుపచ్చకు, నీలానికి మధ్యనున్న రంగులకు ఇందులో చోటు ఎక్కువ. ముద్రణాలయాల్లో వాడే సయాన్ సిరా చూపే గాఢమైన ఛాయలు కొన్ని ఎస్‌ఆర్‌జీబీలో ఇమడవు, ఇందులో ఇముడుతాయి. నెమలికంఠం, రామా గ్రీన్ వంటి వస్త్రపు రంగులు కూడా ఈ ప్రాంతానికే చెందినవి.

మూడవది డిజిటల్ సినిమా కోసం రూపొందిన డీసీఐ-పీ3. ఇందులో నీలం హద్దు మారలేదు కానీ, ఎరుపు, ఆకుపచ్చ విస్తరించాయి. పండుమిరప ఎరుపు, బంతిపూల నారింజ వంటి గాఢమైన రంగులకు ఇది అనుకూలం. దీనికి దగ్గరగా ఉండే డిస్‌ప్లే పీ3 అనే రూపాన్ని యాపిల్ తన కంప్యూటర్లలో 2015 నుంచి, ఫోన్లలో 2016 నుంచి వాడుతోంది.

దీన్నిబట్టి ఎంపిక సులువవుతుంది. పని అంతా ఆన్‌లైన్ కోసమే అయితే ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపే మానిటర్ చాలు. నాణ్యమైన ముద్రణ, ఫొటో ప్రింట్లు ముఖ్యమైతే అడోబ్ ఆర్‌జీబీ పరిధి కావాలి. వీడియో పనివారు పీ3 వైపు చూడవచ్చు.

పరిధి పెద్దదైతే ప్రమాదమూ ఉంది

ఎక్కువ రంగులు చూపే మానిటర్ అన్నివేళలా మేలన్నది చాలామంది అభిప్రాయం. అయితే ఎస్‌ఆర్‌జీబీ ఫొటోను విస్తృత పరిధి గల తెర మీద ఏ సర్దుబాటూ లేకుండా తెరిస్తే రంగులు అతిగా కనిపిస్తాయి. కుంకుమ మరీ మండుతున్నట్టు, చర్మం ఎండకు కందినట్టు ఉంటుంది. ఇది చూసి డిజైనర్ రంగును తగ్గిస్తాడు. అదే ఫొటో వినియోగదారు తెర మీద వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ చిక్కును విప్పేది ఐసీసీ ప్రొఫైల్. ఇక్కడ ఐసీసీ అంటే క్రికెట్ మండలి కాదు, 1993లో ఏర్పడిన అంతర్జాతీయ కలర్ కన్సార్టియం. ప్రొఫైల్ అనేది ఆ తెర రంగులు ఎలా ఉన్నాయో చెప్పే చిన్న ఫైలు. ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని చదివి, ఫొటోలోని అంకెలను ఆ తెరకు తగినట్టు మార్చి పంపుతాయి. విండోస్‌లో చాలా సాధారణ అప్లికేషన్లు ఈ ఫైలును పట్టించుకోవు. అందువల్ల విస్తృత పరిధి మానిటర్ కొనేవారు అందులో కచ్చితమైన ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉన్నదో లేదో తప్పక చూడాలి. కొన్ని మానిటర్లలో ఆ మోడ్‌లోకి వెళ్లగానే వెలుగును మార్చే వీలుండదు. ఈ సంగతిని ముందే తెలుసుకోవడం మంచిది.

పెట్టె మీది అంకెల అర్థం

రెండు రంగుల మధ్య తేడాను ఒకే అంకెలో చెప్పే కొలత డెల్టా ఈ. సున్నా అంటే తేడా లేదు. ఒకటి దరిదాపుల్లో ఉంటే పక్కపక్కన పెట్టి చూసినా కంటికి తేడా తెలియడం కష్టం. ‘డెల్టా ఈ 2 కన్నా తక్కువ’ అన్న ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది సగటా, గరిష్ఠమా? ఏ మోడ్‌లో కొలిచారు? కొంటున్న మానిటర్‌కే విడిగా కర్మాగార పరీక్ష నివేదిక ఉన్నదా? సగటు 2 లోపే ఉన్నా ఒకటి రెండు రంగుల్లో తేడా 5 దాటవచ్చు. ఆ రంగు చర్మపు ఛాయ అయితే పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు ఆ సగటు ఉపయోగపడదు.

పరిధిని శాతాల్లో చెప్పే తీరులోనూ మెలిక ఉంది. ఒక ప్రమాణంలోని రంగుల్లో ఎన్నింటిని తెర చూపగలదో చెప్పేది కవరేజీ. తెర పరిధి వైశాల్యాన్ని మాత్రమే ఆ ప్రమాణంతో పోల్చి చెప్పే శాతం వేరు. 120 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉన్నా, ఒక వైపు హద్దు దాటి మరో వైపు లోటు ఉండే అవకాశం ఉంది. పాత టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ లెక్కలో 72 శాతం అంటే వైశాల్యంలో సుమారుగా ఎస్‌ఆర్‌జీబీ అంత. 45 శాతం అని ఉంటే ఆ తెర రంగుల పనికి పనికిరాదని భావించవచ్చు.

బిట్ల సంఖ్య ఛాయల మధ్య మెట్లను తెలుపుతుంది. 8 బిట్ తెర 1,67,77,216 రంగులను, 10 బిట్ తెర సుమారు 107 కోట్ల రంగులను చూపగలదు. సాయంకాలపు ఆకాశం వంటి చోట్ల రంగు నెమ్మదిగా మారుతున్నప్పుడు తక్కువ బిట్ల తెరలో చారలు కనిపిస్తాయి. అసలైన 8 బిట్ ప్యానెల్ చాలా పనులకు సరిపోతుంది. సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పే 144 హెర్ట్జ్ వంటి అంకెలు ఆటలు ఆడేవారికి ముఖ్యం, నిశ్చల చిత్రాల పనికి వాటితో సంబంధం లేదు. 4కే స్పష్టత అక్షరాలను, అంచులను పదునుగా చూపుతుంది తప్ప రంగును సరిచేయదు.

ప్యానెళ్లలో ఈ పనికి ఎక్కువగా వాడేది ఐపీఎస్. పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారకపోవడం దీని బలం. చౌకగా దొరికే టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త కదిపినా ఛాయ మారుతుంది. వీఏలో నలుపు లోతుగా ఉంటుంది కానీ, చూసే కోణాన్ని బట్టి ముదురు ఛాయలు మారుతాయి. ఓలెడ్ తెరల్లో నలుపు సంపూర్ణం. అయితే సాఫ్ట్‌వేర్ పట్టీలు ఏళ్ల తరబడి ఒకేచోట నిలిచి ఉంటే వాటి అచ్చు తెర మీద మిగిలిపోయే ముప్పుంది.

కాలిబ్రేషన్ ఎందుకు?

కర్మాగారంలో సరిచేసి పంపిన మానిటర్ కూడా కాలక్రమంలో దారి తప్పుతుంది. వెనుక వెలిగే దీపాలు మసకబారుతాయి, తెలుపు పసుపు వైపో నీలం వైపో జరుగుతుంది. మార్పు నెమ్మదిగా రావడం వల్ల కన్ను దానికి అలవాటు పడిపోతుంది. అందుకే కంటితో సరిచేయడం నమ్మదగిన పద్ధతి కాదు.

కలరీమీటర్ అనే చిన్న పరికరాన్ని తెర మీద ఆనిస్తే, సాఫ్ట్‌వేర్ వరుసగా రంగులు చూపుతూ కొలతలు తీసుకుని ప్రొఫైల్ తయారుచేస్తుంది. డేటాకలర్, కాలిబ్రైట్ వంటి సంస్థలు వీటిని అమ్ముతున్నాయి. సాధారణ లక్ష్యాలు మూడు: తెలుపుకు పగటి వెలుతురును సూచించే డీ65, అంటే సుమారు 6500 కెల్విన్, మధ్యస్థ ఛాయల నడకకు గామా 2.2; వెలుగుకు 80 నుంచి 120 నిట్లు. కొలవడానికి ముందు మానిటర్‌ను కనీసం అరగంట వెలిగించి ఉంచాలి. నెలకోసారి కొలిస్తే మంచిది. పాత కలరీమీటర్లు కొన్ని కొత్త రకం బ్యాక్‌లైట్లను, ఓలెడ్‌లను సరిగా కొలవలేవు కనుక, కొనేముందు తమ మానిటర్ రకానికి అది పనికివస్తుందా అని చూసుకోవాలి.

ఈజో కలర్‌ఎడ్జ్ వంటి వృత్తి నిపుణుల మానిటర్లలో దిద్దుబాటు మానిటర్ లోపలే నిల్వ ఉంటుంది. దీన్ని హార్డ్‌వేర్ కాలిబ్రేషన్ అంటారు. కంప్యూటర్ మారినా దిద్దుబాటు చెరగదు, ఛాయల మెట్లు కూడా తగ్గవు. సాధారణ మానిటర్‌లో ఆ పనిని గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది. నిత్యం ముద్రణ పని చేసేవారికి ఈ తేడా విలువైనది.

గది కూడా మానిటర్‌లో భాగమే

ప్రింట్లు చీకటిగా వస్తున్నాయన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం తెర మితిమీరిన వెలుగుతో ఉండటమే. దుకాణంలో ఆకట్టుకునేందుకు కొత్త మానిటర్లను 250 నిట్లకు పైగా వెలుగుతో అమర్చడం మామూలు. ఆ వెలుగులో దిద్దిన ఫొటో కాగితం మీద మసకబారినట్టు అనిపిస్తుంది. ముదురు రంగు గోడలు, కిటికీ నుంచి పడే ఎండ, పసుపు బల్బులు కూడా చూపును తప్పుదారి పట్టిస్తాయి. లేత బూడిద రంగు గోడలు, స్థిరమైన తెల్లని వెలుతురు మేలు. రాత్రివేళ నీలికాంతిని తగ్గించే సదుపాయాన్ని, పరిసరాలను బట్టి వెలుగును మార్చే ఆటో బ్రైట్‌నెస్‌ను పని సమయంలో ఆపివేయాలి.

మానిటర్ తీర్చలేని సమస్యలూ ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడే తెలుపు తప్పితే తెర దాన్ని కనిపెట్టి సరిచేయలేదు. పడుగు ఒక రంగు, పేక మరో రంగుగా నేసిన చీర కోణాన్ని బట్టి ఛాయ మారుస్తుంది. దాన్ని ఒక్క ఫొటోలో పట్టలేము, రెండు మూడు కోణాల్లో చూపడమే మార్గం.

కొనుగోలుదారు ఫోన్ మన అదుపులో లేనప్పుడు ఇంత శ్రమ ఎందుకన్న సందేహం సహజం. ఫోన్లు కొన్ని ఎరుపు వైపు, కొన్ని నీలం వైపు మొగ్గుతాయి. అమ్మకందారు తెర ప్రమాణానికి కట్టుబడి ఉంటే ఆ తేడాలు అసలు రంగుకు అటూ ఇటూ చిన్నగానే ఉంటాయి. అమ్మకందారు తెరే ఒక వైపు మొగ్గితే ఆ పొరపాటు చూసే ప్రతి ఒక్కరికీ చేరుతుంది, దానికి వ్యతిరేక వైపు మొగ్గిన ఫోన్లలో ఇంకా పెరుగుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

పరిమిత బడ్జెట్ ఉన్నవారికి మేలైన వరుస ఇది. ముందుగా ఎస్‌ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపే ఐపీఎస్ మానిటర్, దానితోపాటే ఒక కలరీమీటర్. కలరీమీటర్‌ను ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుని పంచుకోవచ్చు. ముద్రణ పని పెరిగాక అడోబ్ ఆర్‌జీబీ పరిధి, హార్డ్‌వేర్ కాలిబ్రేషన్ ఉన్న మానిటర్‌కు మారవచ్చు. కొలత లేని ఖరీదైన తెర కన్నా, కొలిచి వాడే మధ్యరకం తెర ఎక్కువ నమ్మదగినది.

కొనే రోజున తెర నిండా ఒకే బూడిద రంగు చూపించి అంచుల్లో మరక, గులాబీ లేదా పచ్చ జీర ఉన్నదేమో పరీక్షించాలి. నలుపు నుంచి తెలుపు వరకు మెల్లగా మారే పట్టీని తెరిచి చారలు వెతకాలి. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన, ఇప్పటికే బాగా ప్రింటయిన ఒక ఫొటోను తెరిచి ఆ ప్రింటుతో పోల్చాలి. అంతకుముందు దుకాణం వారు పెట్టిన ‘వివిడ్’ మోడ్‌ను ఎస్‌ఆర్‌జీబీకి మార్చమని అడగడం మరువకూడదు.