చలికాలం పూలు: డిసెంబర్‌లో విత్తితే లేటే.. అక్టోబర్‌లోనే నారు పోయాలి, ఎందుకంటే?

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. నర్సరీల ముందు పెటూనియాలు, పాన్సీలు రంగురంగులుగా పలకరిస్తాయి. వాటిని చూసి ముచ్చటపడి చాలామంది అప్పుడే విత్తనాల ప్యాకెట్ కొంటారు. కుండీలో చల్లుతారు. మొక్కలు బాగానే వస్తాయి. తీరా మొగ్గ తొడిగే వేళకు ఎండలు మొదలు! విత్తనం మంచిది కాదని షాపువాళ్లను తిట్టుకుంటాం. నిజానికి లెక్క తప్పేది తేదీల దగ్గరే.

పెటూనియా విత్తిన రోజు నుంచి పూత రావడానికి దాదాపు 10 నుంచి 12 వారాలు పడుతుంది. అక్టోబర్ మొదటి వారంలో నారు పోస్తే డిసెంబర్ చివర్లో పూలు మొదలై ఫిబ్రవరి దాకా కళకళలాడతాయి. అదే డిసెంబర్ రెండో వారంలో పోస్తే మార్చి వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో మార్చి అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇప్పటికే ఆలస్యమైపోయిందా? అయితే క్యాలెండులా వేసుకోండి. రెండు నెలల్లో పూసేస్తుంది.

అక్టోబర్‌లోనూ ఎండ ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. పాన్సీకి అదే చిక్కు. మట్టి వేడి 25 డిగ్రీలు దాటితే గింజ సరిగా మొలవదు. ట్రేను ఇంట్లో చల్లటి మూల చీకట్లో ఉంచి, మొలక కనపడగానే వెలుతురులోకి తేవాలి. విజయవాడ, రాజమండ్రి వైపు అక్టోబర్‌లో రాత్రిళ్లు కూడా పెద్దగా చల్లబడవు. అక్కడ పాన్సీతో కుస్తీ పట్టేకన్నా పెటూనియా, డయాంథస్ నయం. అరకు, లంబసింగి వాళ్లకు ఈ బాధే లేదు!

గింజను బట్టి విత్తడం

పెటూనియా గింజ దుమ్ములా ఉంటుంది. ఒక గ్రాముకు దాదాపు 10 వేల గింజలు! మొలవాలంటే దానికి వెలుతురు కావాలి. అందుకే మట్టి కప్పకూడదు. తడిపిన కొబ్బరి పొట్టు మీద చల్లి, స్ప్రేయర్‌తో నీళ్లు కొడితే చాలు. స్నాప్‌డ్రాగన్ కూడా ఇంతే. స్వీట్ పీ, నాస్టర్షియం గింజలు మాత్రం పెద్దవి. రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతున నాటాలి. స్వీట్ పీ, లార్క్‌స్పర్ వేర్లు కదిలిస్తే ఊరుకోవు కాబట్టి నేరుగా కుండీలోనే వేయడం మంచిది.

ఎక్కువ మందిని దెబ్బతీసేది నారుకుళ్లు తెగులు. నిన్న నిలబడ్డ మొలక ఇవాళ మొదట్లో సన్నబడి పడిపోతుంది. ఒక్కటి పడితే ట్రే మొత్తం పోయినట్టే. కారణం అతి తడి, ఒత్తుగా చల్లడం. పొద్దున ఒకసారే నీళ్లు పెట్టండి, గాలి ఆడనివ్వండి. కోస్తాలో అక్టోబర్, నవంబర్ వానలకు ట్రేలు ఆరుబయట ఉంచితే గింజలే కొట్టుకుపోతాయి.. షెడ్డు కిందే ఉంచాలి.

నాలుగైదు ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చి, ఐదారు గంటల ఎండ తగిలేచోట పెట్టండి. పెటూనియా, స్నాప్‌డ్రాగన్ తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. తుంచడానికి మనసు రాదు, కానీ పూలు రెట్టింపవుతాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు తీసేయాలి.

ఒక్క జాగ్రత్త.. స్వీట్ పీ గింజలు చూడ్డానికి బఠాణీల్లాగే ఉంటాయి, కానీ విషం. లార్క్‌స్పర్ కూడా అంతే. మిగిలిన గింజలను పేరు రాసిన కవర్లో వేసి, పిల్లలకు అందనిచోట పెట్టండి. వంటింటి అలమరలో మాత్రం వద్దు.