ఒక్కరోజులో బందరు, ఘంటసాల, హంసలదీవి

పిల్లలకు సెలవులిచ్చారంటే చాలు, "ఎక్కడికైనా తీసుకెళ్ళమ్మా" అని కొంగు పట్టుకుని వదలరు కదండీ! ఊటీ, కొడైకెనాల్ అంటే మాటలా? గదులు, టిక్కెట్లు, ఖర్చు... ఆ మాట మావారి దగ్గర ఎత్తాలంటేనే నాకు జంకు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూశాను, మద్రాసులో మెరీనా బీచి చూశాను. మాది గుడివాడ. ఇరవయ్యేళ్ళ కాపురంలో పక్కనే ఉన్న బందరు, దివిసీమ మాత్రం పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తప్ప చూడ్డానికని వెళ్ళిందే లేదు. అందుకే పోయిన సంక్రాంతి సెలవుల్లో ఓ ఆదివారం అద్దె కారు మాట్లాడుకుని వెళ్ళొచ్చాం.

మా అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమలోనే, కోడూరు దగ్గర పల్లెటూరు. అయినా ఆవిడ ఎన్నడూ సముద్రం చూద్దామని అన్న పాపాన పోలేదు. ఎప్పుడడిగినా "ఆ ఉప్పునీళ్ళలో ఏముందే?" అనేవారు. ఇంట్లో ఒక్కరినీ వదిలి వెళ్ళలేక, మోపిదేవి దర్శనం ఉందని చెప్పి బయలుదేరదీశాం.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చింతపండు పులిహోర, దద్దోజనం చేశాను. అన్నం బాగా చల్లారాకే పులుసు కలపండి, లేకపోతే మధ్యాహ్నానికి జిగురొస్తుంది. దద్దోజనానికి పెరుగు పోయకుండా, కాచి చల్లార్చిన పాలు పోసి ఒక్క చెంచా పెరుగు తోడేస్తే తినే వేళకి కమ్మగా పేరుకుంటుంది. పులుపెక్కదు.

ముందు బందరు వెళ్ళాం. ఈ ఊరికి ఒకప్పుడు ప్రపంచమంతా వర్తకానికి వచ్చిందంటే పిల్లలు నమ్మలేదు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చి దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు. ఇప్పటికీ ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి. హాలండువాళ్ళు వలందులు, ఫ్రెంచివాళ్ళు పరాసులు అన్నమాట! మనవాళ్ళ నోట్లో పడి అలా అయ్యాయి. డచ్చివారి సమాధుల తోటలో పెద్దపెద్ద రాతిపలకల మీద వాళ్ళ వంశాల గుర్తులు, అక్షరాలు ఎంత పొందిగ్గా చెక్కారో! ఎక్కడో పుట్టి, ఓడెక్కి వచ్చి, మన బందరు మట్టిలో కలిసిపోయిన మనుషులు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఈ ఊళ్ళో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుందని మావారు పిల్లలకు చెబుతుంటే, అత్తయ్యగారు "ఎండెక్కుతోంది, పదండి" అని కారు దగ్గరికి నడిచారు. మంగినపూడి బీచి, చిలకలపూడి పాండురంగడు ఇంకోసారికని వదిలేశాం. అన్నీ ఒక్కరోజే చూడాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు. తొక్కుడు లడ్డు మాత్రం కొనుక్కున్నాం. బందరు వెళ్ళి లడ్డు లేకుండా వస్తే ఇరుగుపొరుగు ఊరుకుంటారా?

అక్కడినుంచి ఘంటసాల. "పాటలాయన ఊరా అమ్మా?" అంది మా అమ్మాయి. ఆయన ఇంటిపేరు ఘంటసాలే గానీ, పుట్టింది మన గుడివాడ దగ్గర చౌటపల్లి. ఈ ఊరి గొప్ప వేరు. రెండో శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు పండితుడు తన భూగోళ గ్రంథంలో రాసిన రేవుపట్నం ఇదేనట. పాత శాసనాల్లో కంటకసెల అని ఉందట. ఇక్కడి బౌద్ధస్తూపం లోపల ఇటుకలు బండిచక్రానికి ఆకుల్లా పేర్చారు. తవ్వకాల్లో దొరికిన బొమ్మల్ని ఊళ్ళోనే మ్యూజియంలో పెట్టారు. పాలరాయిలా ఉండే సున్నపురాతి మీద ఆడవాళ్ళ నగలు, జడలు చూడండి, అరగంట కదలబుద్ధి కాదు. ఆ వడ్డాణాల పనితనం ఏ కంసాలి చూసినా తల ఊపాల్సిందే. మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. దగ్గర్లోనే శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి. కృష్ణదేవరాయలకి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్న స్వామి ఈయనేనంటారు. టైము చాలక అక్కడికీ వెళ్ళలేదు.

చల్లపల్లి దాటి మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. పాముచుట్ట మీద లింగం. పులిహోర పొట్లాలు విప్పింది అక్కడే.

అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారక స్తూపం కనబడగానే మావారు కారు ఆపించారు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం కోసుల దూరం లోపలికొచ్చి దివిసీమను ముంచేసింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు 10,000 మంది దాకా ఉన్నారు. పిల్లలు దిగారు గానీ అత్తయ్యగారు దిగలేదు. కారులోనే కూర్చుని నెమ్మదిగా నాతో అన్నారు:

"ఆ ఏడు దీపావళికి మా తమ్ముణ్ణి గుడివాడ తెచ్చుకున్నానమ్మాయ్. నాకు పెళ్ళై ఆర్నెల్లు. వాడికి పదేళ్ళు. నాగులచవితి కూడా అయిపోయింది. ఇంకో నాలుగు రోజులుంటానక్కా అని ఏడ్చాడు. బడి పోతుందని గురువారం నాడు నేనే బాబాయి వెంట బస్సెక్కించి పంపేశాను. శనివారం ఉప్పెన. వాడు దొరకనే లేదు."

చిన్న మేనమామ ఉప్పెనలో పోయాడని మావారికి తెలుసు. బస్సెక్కించిన సంగతి ఆయనకీ తెలీదు. వెనక్కి వెళ్ళిపోదామా అనడిగాను. "వద్దులే, పిల్లలు ఆశపడ్డారు" అన్నారావిడ.

కోడూరు మీదుగా హంసలదీవి చేరాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసేది ఇక్కడే. అందరి పాపాలూ మోసి కాకిగా మారిన గంగ ఇక్కడ మునిగి హంసైందని, అందుకే ఆ పేరని చెబుతారు. వేణుగోపాలస్వామిని చూసుకుని పాలకాయతిప్ప వెళ్ళాం. విశాలమైన ఇసుక, ఓ పక్కన మడ అడవులు. చలికాలంలో సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళతాయి. ఒడ్డు చల్లగా ఉందిగదా అని మోసపోకండి, లోపల లాగుడు ఎక్కువ. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. ఆ కాపలా అంతా అత్తయ్యగారే కాశారు. ఇసుకలో తువ్వాలు పరుచుకుని కూర్చుని, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి కేకేస్తూనే ఉన్నారు. పొద్దువాలే ముందు లేచి, చెప్పులు ఒడ్డున వదిలి, తనూ వెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చారు. నేనేమీ అడగలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఓ రెండు మాటలు. బస్సుల మీద అయితే బందరు, ఘంటసాల ఒకరోజు, మోపిదేవి, హంసలదీవి ఇంకోరోజు పెట్టుకోండి. మంచినీళ్ళు ఇంటినుంచే తీసుకెళ్ళండి. ఆడవాళ్ళు బాత్రూము అవసరాలు అవనిగడ్డలోనే చూసుకోవాలి, ఆపైన ఇబ్బంది. పట్టుచీరలు కట్టకండి, ఉప్పుగాలికి పాడవుతాయి. తుపాను హెచ్చరిక ఉంటే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా ప్రయాణం మానుకోమని మా అత్తయ్యగారు ప్రత్యేకంగా రాయమన్నారు.

పామర్రు మీదుగా ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. దారి పొడుగునా పిల్లలకి తమ్ముడి అల్లరి గురించి చెబుతూనే ఉన్నారావిడ. మంగినపూడి ఎప్పుడని మొన్న ఆవిడే అడిగారు. ఎండలు ముదరకముందే వెళ్దామన్నాను.