బొచ్చుకుందేటి పెంపకము



35 సంవత్సరములు పాఠశాలలో శబ్దములు, సమాసములు చెప్పి విశ్రాంతి పొందిన వృద్ధుడు నేడు కుందేలును గూర్చి ముచ్చటింప వచ్చుట మీకు వింతగా తోపవచ్చును. పాడియావును గూర్చియో, దుక్కిటెద్దును గూర్చియో చెప్పినచో ప్రయోజనము కలదు. పాలీయక, బండి లాగక, కావలి కాయక, మూల కూర్చుండి గడ్డి మేయు ఈ జంతువుతో మనకేమి పని యందురేమో. కాని ఈ కాలమున పిల్లలు పొడుగు బొచ్చుగల కుందేళ్ళను ముచ్చటపడి తెప్పించుకొనుచున్నారు. తెప్పించుకొనునది వారు, వారు బడికి పోయిన పిమ్మట దాని మంచిచెడ్డలు చూడవలసినది ఇంటిపట్టున నుండు మనము. పైగా ఈ విషయమున నేనొక అపరాధము చేసియున్నాను. దానిని ముందు చెప్పి, తరువాత నేర్చుకొన్నది చెప్పెదను.

మాది మదనపల్లె ప్రాంతము. కొన్ని యేండ్ల క్రిందట మా మనుమరాలి పుట్టినదినమునకు నగరపు అంగడినుండి ఒక తెల్లని కుందేటిపిల్లను తెచ్చిరి. దాని వయస్సెంతో మేమడుగలేదు. చిన్ననాట వేటగాండ్రు కుందేళ్ళను చెవులు పట్టి తెచ్చుట చూచియుంటిని గాన, నేనును చెవులు పట్టియే లేపితిని. అన్నము, పాలు పెట్టితిమి. పెరటిలో రేకుల కప్పు క్రింద దానికి బోను కట్టించితిని. ఎవరైన అది తగదన్నచో వినునంతటి వినయము నాకు లేకుండెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళను సామెత నాయెడల అక్షరాల నిజమైనది. చైత్రమాసమున ఒక మధ్యాహ్నము నేను భోజనము చేసి నిద్రించి లేచునప్పటికి అది ప్రక్కకు ఒరిగి, నోరు తెఱచి రొప్పుచుండెను. సాయంసంధ్యకు మరణించెను. మనుమరాలు ఏడ్వలేదు. "తాతయ్యా, తనకు ఉక్కగా ఉన్నదని అది నీతో చెప్పలేదా?" అని మాత్రము అడిగెను.

అది చెప్పియే యుండును. ఆ భాష నాకు రాదు. ఇన్నేండ్లు భాష చెప్పి బ్రదికినవానికి ఆ మాట ఎట్లుండునో మీరే యూహింపుడు.

ఇక ఈ జంతువెట్టిదో చెప్పెదను. సంస్కృతమున శశమనియు, తెలుగున కుందేలనియు, చెవులపిల్లియనియు అందుము. మన పూర్వులు చంద్రునిలోని మచ్చయందు దానినే చూచి, ఆయనకు శశాంకుడని పేరిడిరి. కాని మన పొలములలో పరుగెత్తు కుందేలు వేఱు, ఇంట పెంచు కుందేలు వేఱు. పొలపు కుందేలు నేలమీదనే గడ్డిపొదలో ఈనును. దాని పిల్లలు బొచ్చుతో, కన్నులు తెఱచి పుట్టును. ఇంటికుందేలు ఐరోపా ఖండమున బొఱియలు త్రవ్వుకొను జాతి సంతతి. దాని పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని పుట్టి, పది పండ్రెండు దినములకు గాని చూడజాలవు. పొలపు కుందేలును పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కావున మనుమడు మారాము చేసినాడని చేనిలో ఉచ్చు పన్నకుడు.

పొడుగు బొచ్చు కుందేళ్ళలో పేరుగన్నది అంగోరా. టర్కీ దేశపు రాజధానియగు అంకారా నగరమునకు పూర్వనామమది. ఆ యూరి పేరు ఒక మేకకును, ఒక పిల్లికిని, ఈ కుందేటికిని పెట్టబడినది. మూడింటికిని పొడుగు బొచ్చే గుర్తు. మన దేశమున హిమాచలప్రదేశములోని కుల్లూ ప్రాంతమున గార్సా యను చోట కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థవారు ఉన్నికొఱకు వీనిని పెంచుచున్నారు. అది చలిసీమ యని గమనింపుడు. దీని బొచ్చు నెలకు ఇంచుమించు 2.5 సెంటీమీటర్లు పెరుగును. ఇది తీసివేయ వీలులేని కంబళి. కుందేటికి మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యముగా చెవులద్వారా వెడలగొట్టును. గదిలో వేడి 30 డిగ్రీలు దాటినచో దానికి అపాయము మొదలైనట్లే. ఇది తెలియకయే మొదటిదానిని నేను రేకుల క్రింద కట్టివేసితిని.

రెండేండ్లు గడచినవి. పరిచయస్థులొకరు ఉద్యోగరీత్యా దూరప్రాంతమునకు పోవుచు, మూడు నెలల అంగోరా పిల్లను ఎవరికైన అప్పగింపదలచి మమ్మడిగిరి. నేను వలదంటిని. అప్పుడు మా ఇల్లాలు, "తెలియక చేసిన తప్పునకు తెలిసికొనుటయే ప్రాయశ్చిత్తము" అనెను. నేను వారము దినములు గడువడిగి, పశువైద్యునికడ కూర్చుండి బడిపిల్లవానివలె వ్రాసికొంటిని.

దత్తత తీసికొనువారు పిల్లవాని వయస్సు, ఆరోగ్యము, కన్నవారి వర్తనము విచారింతురు గదా. ఇచటను అంతే. 8 వారములు నిండని పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. కన్నులు నిర్మలముగ, ముక్కు పొడిగ, తోకక్రింద శుభ్రముగ ఉండవలయును. పైపండ్లు, క్రిందిపండ్లు సరిగా కలియవలయును. ఏలయన దాని దంతములు బ్రదికినంత కాలము పెరుగుచునే యుండును, ఒరపిడి లేనిచో నోటికి అడ్డము వచ్చును. పొడుగు బొచ్చుగలదానిని కంటితో చూచి బలిసినదని నమ్మరాదు. బొచ్చులోనికి వ్రేళ్ళు పోనిచ్చి వెన్నెముకను తడవి చూడవలయును. మఱియొక లెక్క కలదు. ఇది 7 మొదలు 10 సంవత్సరములు బ్రదుకును. నాకిప్పుడు 66 ఏండ్లు. నా తరువాత దీనిని చూచువారెవరని నా కుమారుని ముందే అడిగి, అతడొప్పుకొన్న పిమ్మటనే తీసికొంటిని. మన వయస్సువారు ఈ ప్రశ్నను దాటవేయరాదు.

కార్తికమాసమున అది మా యింటికి వచ్చెను. దూదివలె నున్నదని మనుమరాలు పింజయని పేరు పెట్టెను. వచ్చిన దినముననే ఒడిలోనికి తీసికొని ముద్దు చేయవలెనని అందఱకు తోచును. అదియే పొరపాటు. కుక్క, పిల్లి ఇతర జంతువులను వేటాడు జాతులు. కుందేలు వేటాడబడు జాతి. పైనుండి వచ్చు ప్రతి చేయియు దానికి గ్రద్ద గోరే. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఇంచుమించు చుట్టును చూడగలదు గాని, ముక్కునకు సరిగా ఎదుటనున్నది కానరాదు. ముక్కుముందు చేయి చాచినచో ఉలికిపడును. బెదరి కాళ్ళు విదల్చినప్పుడు తన బలమునకు తన వెన్నెముకయే విఱుగవచ్చును. ఎత్తవలసి వచ్చినప్పుడు ఒక చేయి ఱొమ్ముక్రింద, మఱియొక చేయి పిఱుదులక్రింద ఉంచి, మన ఒంటికి ఆనించి పట్టవలయును. చెవులు పట్టుట క్రూరత్వము.

మేము చేసినదిది. ఒక గది ఖాళీ చేసి, రెండు ద్వారములుగల కొయ్యపెట్టె, గడ్డి, నీళ్ళు ఉంచితిమి. కుందేలు ఉభయసంధ్యలలో చుఱుకుగా నుండును. కావున సాయంసంధ్యావందనమైన పిమ్మట నేను ఆ గదిలో చాపమీద కూర్చుండి, మెల్లగా భారతము చదువుకొనుచుంటిని. పింజవైపు చూచుటయైనను మానితిని. మనుమరాలు నా ప్రక్కన బోర్లపడుకొని బొమ్మలు వ్రాసికొనుచుండెను. పదునొకండవ దినమున నా పాదమునకు తడిముక్కు తగిలెను. నేను కదలలేదు. మఱి నాలుగు దినములకు అది తన గడ్డమును నా పుస్తకమునకు రాచెను. కుందేటి గడ్డము క్రింద వాసన గ్రంథులుండును. రాచిన వస్తువు తనదని దాని భావము. నా భారతము ఆనాటినుండి పింజ సొత్తు.

దాని భాషలోని కొన్ని పదములు మీకును చెప్పెదను. వెనుకకాలితో నేలను దబ్బున కొట్టినచో అపాయమున్నదని హెచ్చరిక. నిమిరినప్పుడు పండ్లు మెత్తగా కదల్చినచో సుఖముగా నున్నది. బిగ్గరగా నూఱుచు మూల ముడుచుకొన్నచో నొప్పితో నున్నది. గాలిలోనికి ఎగిరి ఒడలు మెలిత్రిప్పినచో ఆనందము. ఎదుటనే ప్రక్కకు వాలి కాళ్ళు చాచి పరుండినచో నిన్ను నమ్మినదని అర్థము. అన్నిటికంటె ముఖ్యమైనది మౌనము. వేటాడబడు జంతువు జబ్బును దాచుకొనును. మేత మానుటయొక్కటే దాని మొఱ.

బొచ్చు సంగతి. పింజ చేరువైన పిమ్మట మొదట దువ్వెనను వాసన చూడనిచ్చి, పిదప నిమిషమొకటి, తరువాత ఐదు నిమిషములు దువ్వుచు అలవాటు చేసితిమి. చిన్నతనమున అలవడినది పెద్దయైనప్పుడు పెనుగులాడదు. చెవుల వెనుక, చంకలలో, తోకక్రింద బొచ్చు ఉండలు కట్టును. కత్తెరతో తటాలున కత్తిరింపరాదు. దాని చర్మము పలుచన, ఉండతోబాటు చర్మము తెగును. వ్రేళ్ళతో కొంచెము కొంచెముగా విడదీయవలయును. స్నానము చేయింపరాదు. మలమూత్రములచే తడిసిన బొచ్చులో ఈగలు గ్రుడ్లు పెట్టును. ఆ పురుగులు మాంసమును తినును. కావున దినదినమును తోకక్రింద చూడవలయును.

దువ్వుట అందముకొఱకు గాదు. కుందేలు పిల్లివలె తన్ను తాను నాకుకొనును. కాని పిల్లివలె మ్రింగిన బొచ్చును కక్కజాలదు. బొచ్చు లోపల చేరి, మేత చాలక ప్రేవుల కదలిక మందగించెనా, ప్రాణమునకే ముప్పు. దీనికి రక్ష నారగల గడ్డి. దాని మేతలో చాలభాగము గడ్డియే కావలయును. మనము విఘ్నేశ్వరునకు అర్పించు గరిక దానికి శ్రేష్ఠమైన మేత. ఎండు గరికయు మంచిది. మందు చల్లిన గట్లమీదిది మాత్రము కోయరాదు. క్యారెట్టు మిఠాయివంటిది, చిన్న ముక్క చాలును. అన్నము, రొట్టె, పాలు, బెల్లము, ఉల్లి, వెల్లుల్లి కూడవు. మా సీమలో ఎచట చూచినను టమాటా తోటలే. ఆ ఆకు దానికి విషము. వేకువజామున అది తన మెత్తని మలమును తానే తినును. అసహ్యించుకొని అడ్డుపెట్టకుడు, అందలి పోషకములను రెండవసారి గ్రహించుట దాని ప్రకృతి.

ఇన్ని తెలిసినను ఒకమారు ఏమఱితిని. మాఘమాసమున బొచ్చు రాలుచుండగా పెండ్లిపనులలో పడి నాలుగు దినములు దువ్వలేదు. ఐదవనాటి ప్రాతఃకాలమున మనుమరాలు నన్ను తట్టి లేపి, అఱచేతిలో దాని పెంటికలను చూపెను. అవి కుఱుచనై, బొచ్చుతో దారమున గ్రుచ్చిన పూసలవలె నుండెను. రాత్రి వేసిన గరిక వేసినట్లే యున్నది. "తాతయ్యా, పింజ చెప్పుచున్నది" అనెను. ఆ ఉదయమే వైద్యునికడకు పోతిమి. ఆయన చర్మము క్రింద ద్రవమెక్కించి, మందులిచ్చి, మెత్తని మేతను పిచికారీతో నోటిలో పెట్టు విధము నేర్పెను. ఇంకొక దినము ఆగియున్నచో కష్టమయ్యెడిదని చెప్పెను. మఱునాటి రాత్రి పింజ ఒక గరికపోచను కొఱికిన చప్పుడు విని మే మిరువురము దీపము వెలిగింపక చీకటిలోనే కూర్చుండి వింటిమి. కావున పండ్రెండు గంటలు మేత ముట్టనిచో వేచియుండకుడు. ఇంటిలోని మందులు వేయకుడు. నోటిద్వారా ఇచ్చు పెన్సిలిన్ జాతి మందులు కుందేటికి ప్రాణాంతకములు కాగలవు.

ఇప్పుడు వేసవి వచ్చుటకు ముందే, ఉగాదికి నెల మునుపు, దాని బొచ్చును కుఱుచగా తీయించెదము. ఉత్తరపు గదిలో బండపఱపుమీద నుంచి, కిటికీలకు తడిగోనెలు కట్టి, గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టెదము. మిట్టమధ్యాహ్నము నేను నిద్రింపను. దాని చెవులు తాకి చూచుచుందును. మా యూరు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నుండియు ఇంత పాటు పడవలసియున్నది. ఇంతకంటె వేడిగల ఊళ్ళలో, గదిని చల్లబఱచు సాధనము లేనివారు, ఈ జాతిని ఇంటికి రానీయకుండుటయే దానియెడల దయ. పిల్లలు అడిగినప్పుడు ఈ మాట చెప్పుటకు సంకోచింపకుడు. కాదు, పెంచియే తీరెదమన్నచో, దినమునకు అరగంట దువ్వువారెవరో, వేసవిలో కాచువారెవరో ముందు తేల్చుకొనుడు.

నేటి సాయంకాలమును నేను భారతము తెఱచి చాపమీద కూర్చుండవలయును. ఆలస్యమైనచో పింజ గది వాకిట నిలిచి నేల తట్టును. ఆ మాట నాకిప్పుడు తెలియును. సెలవు.