పొలం తీసుకుంటే సరే, వాడుకను ఆపితే?

ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే కోసం తల్లాడ మండలంలోనూ పొలాలు పోయాయి. అలా పోయిన ఎకరానికి లెక్క 2013 భూసేకరణ చట్టంలో ఉంది. మార్కెట్ విలువను గుణకంతో పెంచి, దానిపై నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతారు. రోడ్డు చేనును రెండుగా చీలిస్తే మిగిలిన ముక్కకు తగిలిన నష్టాన్నీ చూడాలి. మొత్తం చాలదన్న పేచీ ఉండొచ్చు గానీ, పరిహారం ఇవ్వాల్సిందే.

చిక్కంతా పట్టా రైతు పేరునే ఉంచి, వాడుకను కట్టడి చేసినప్పుడు. 1978లో రాజ్యాంగ 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. మిగిలిన 300ఎ అధికరణం, చట్టం అండ లేకుండా ఆస్తిని లాక్కోవద్దంటుందే తప్ప, ప్రతి ఆంక్షకూ వెల కట్టమనదు. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. అందులో రైతుకు పరిహారం ఊసే లేదు. నీళ్లు తాగింది నగరమంతా, భారం మోసింది ఆ ఊళ్లు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

హైటెన్షన్ తీగల విషయంలో కొంత మార్పు వచ్చింది. టవర్ వేసినా భూమిని సేకరించరు, నష్టం మాత్రం చెల్లిస్తారు. కేంద్రం 2015 మార్గదర్శకాల్లో టవర్ పాదాల కింది నేలకు విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం అంది. 2024లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. ఇల్లు కట్టలేని, చెట్టు పెంచలేని నేల యజమానికి నష్టమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

అయితే ప్రతి ఆంక్షనూ ఇదే తూకంలో వేయకూడదు. తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా భద్రాచలం వైపు సాగితే గిరిజన ఏజెన్సీ ప్రాంతం వస్తుంది. అక్కడ 1/70 భూ బదిలీ చట్టం ప్రకారం గిరిజనేతరుడు భూమిని గిరిజనుడికే అమ్మాలి. ఈ ఆంక్ష చెల్లదన్న వాదనను 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సరైన తీర్పు. అప్పుల కింద, మోసపు కాగితాల కింద కోయ గిరిజనుల చేతుల్లోంచి జారిపోతున్న నేలను నిలబెట్టే చట్టమది. అందులోనూ ఒక దారి ఉంచారు: కొనే గిరిజనుడు దొరక్కపోతే యజమాని ప్రభుత్వ ఏజెంటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్రభుత్వం పరిహారమిచ్చి ఆ భూమిని తీసుకోవచ్చు.

ఇక ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. దాన్ని అమ్ముకునే హక్కు పేదవాడికి లేదు కాబట్టి, వెనక్కి తీసుకున్నా పెద్దగా ఇవ్వనక్కర్లేదని అధికారులు చాలాకాలం అనేవారు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదనను కొట్టేసింది. ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర చెల్లించాలంది. అసైన్డ్ చేనుకు సేకరణ నోటీసు అందుకున్న రైతు తన అభ్యంతర పత్రంలో ఆ కేసు పేరు తప్పక రాయాలి.